ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) సెంటర్లలో రీసెర్చ్: మనకు పనికొస్తుందా, మనల్ని వాడుకుంటారా?

సుగ్గిబండి (ఆదోని వైపు):
మా దగ్గర ఒక కాలేజీ, ఏఆర్‌టీ సెంటరు, పాజిటివ్ నెట్‌వర్క్ (హెచ్ఐవీ ఉన్నోళ్ల సంఘం) ముగ్గురూ కలిసి రీసెర్చ్ చేద్దామని మాట నడుస్తాంది. మీటింగ్‌లో సగంమంది వద్దంటే వద్దన్నారు. నేనైతే కావాలంటా. ఆలూరు, కోసిగి పక్క నుంచి సంసారాలకు సంసారాలే గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే సీజను కూలికి వలస, పోతాయి కదా, చేతిలో ఒక నెల మందు ఉంటాది, ఉగాదికి తిరిగొచ్చేసరికి రిజిస్టర్‌లో పేరు పక్కన ఎల్ఎఫ్‌యూ అని రాసుంటాది, అంటే మనిషి కనబడకుండా పోయినాడని. యాడికి పోయినాడు, ఎందుకు పోయినాడు అని అడిగే కాలమ్ మాత్రం లేదు. అక్కడి సెంటర్లో మందు తీసుకోవచ్చు నిజమే, కానీ కూలి మానుకొని టౌనుకు ఎందుకు పోతాండావని మేస్త్రీ అడిగితే ఏం చెప్తాడు? ఈ ప్రశ్న ఢిల్లీలో కూర్చున్నోళ్లకు తట్టదు, సుగ్గి చూసినోళ్లకే తడుతుంది.

పేరెందుకులే (అనంతపురం):
అన్నా, నేను 2009 నుంచి మందులు వేసుకుంటాండా. మీరు చెప్పేది వినడానికి బాగుంది. ఒకసారి ఒక పిల్లోడు ట్యాబ్ పట్టుకొని వచ్చినాడు, పద్నాలుగు పేజీల ప్రశ్నలు. మందుల కిటికీ కాడ లైన్లో నిలబడి ఉంటే పక్కకు పిలిచినాడు, పక్కకు అంటే ఎంత, నాలుగడుగులు. పెళ్లికి ముందు ఎంతమందితో అని అడిగితే ముందున్న పెద్దమ్మ తిరిగి చూసింది. మందుల వివరాలు రాసే గ్రీన్ బుక్కు చీర కొంగులో దాచుకొని బయటికి వచ్చేసినా. సంతకం తీసుకున్నారు, ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆ తర్వాత ఏం తేలిందో ఇంతవరకు ఒక్కరు చెప్పలేదు. వాళ్లకు పీజీ వచ్చింది, మాకేమొచ్చింది?

కడప లాబ్:
అక్కా, అది రీసెర్చ్ తప్పు కాదు, చేసినోళ్ల తప్పు. అసలు 2017 హెచ్ఐవీ చట్టం సెక్షన్ 5లోనే ఉంది, రీసెర్చ్‌కు కూడా మనిషికి అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని. మీ పక్కనే బత్తలపల్లి చూడండి, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి రికార్డులతో కోహార్ట్ స్టడీ, అంటే ఒక గుంపు పేషెంట్లను ఏళ్ల తరబడి గమనించే స్టడీ, నడిపినారు, ఆలస్యంగా ఆసుపత్రికొచ్చేవాళ్ల మీద, మధ్యలో మానేసేవాళ్ల మీద పేపర్లు వచ్చినాయి. ఊరి ఆసుపత్రి నుంచి వచ్చిన లెక్క అది. ఇంకోటి, ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంతుందో చెప్పే సీడీ4 లెక్క 200 కిందికి పడితేనే మందు అనే రోజుల నుంచి 2017లో అందరికీ వెంటనే మందు అనే దాకా వచ్చినామంటే అదంతా ఎక్కడో ఎవరో పేషెంట్లు స్టడీలకు ఒప్పుకున్నందుకే కదా.

పేరెందుకులే:
బత్తలపల్లిలో ముందు వైద్యం చూసినారు, తర్వాత లెక్కలు రాసినారు. ఇక్కడ లెక్కలోళ్లు ముందొస్తాండారు, అదీ తేడా. ఇంకో మాట, పేరు రాయం అంటారు కదా, సరే. మా ఊర్లో నాలుగొందల గడప. ఫలానా మండలం, 42 ఏళ్లు, వితంతువు, టైలరింగ్ అని రాస్తే ఇంక పేరెందుకు? ఆశా వర్కర్ కూడా చెప్పేస్తాది ఎవరో.

సుగ్గిబండి:
ఈ మాట మీటింగ్‌లో ఎవరికీ తట్టలేదక్కా, నాకు కూడా. మండలం తీసేసి డివిజన్ అని, వయసు పదేళ్ల లెక్కన రాయాలి, పని ఏందో అసలు రాయకూడదు. నేను వెనక్కి తగ్గను కానీ, లాక్‌డౌన్ అప్పుడు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చినారు కదా, అట్లా సుగ్గికి ముందే ఇస్తే ఎల్ఎఫ్‌యూ ఎంత తగ్గుతుందో చూడాలి. ఇదొక్కటే ప్రశ్న, పద్నాలుగు పేజీలు కాదు.

కడప లాబ్:
వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో, అది కూడా చూడాలన్నా. మందు తీసుకపోయినోళ్లంతా వేసుకుంటారని ఏం గ్యారంటీ, మిరపచేలో పది మంది ఒకే గుడిసెలో పడుకుంటారు, డబ్బా తీస్తే మాత్రల చప్పుడు వినబడదా?

పేరెందుకులే:
వినబడుతుంది. మా వాళ్లు డబ్బాలో దూది కుక్కుతారు. ప్రశ్నలు రాసేటప్పుడు మాలో ఇద్దర్ని కూర్చోబెట్టండి, తెలుగులో రాయండి, ఆ రోజు కూలి, బస్సు చార్జీ ఇవ్వండి. అప్పుడొస్తా.

సుగ్గిబండి:
కూలి సంగతి వాళ్ల బడ్జెట్‌లో లేదక్కా, నిన్ననే చూసినా. ఫైల్, జిరాక్సులు, టీ బిస్కెట్లు ఉన్నాయి. సోమవారం పోయి అడుగుతా.