పంతంగి టోల్ కాడ ఉంటే సిటీల సిగ్నల్ జంప్ చలాన్ పడ్డది. కట్టాల్నా?

పికప్‌వాలా:
అన్నలకు నమస్తే. బొలెరో పికప్ నడుపుత. బండి సేటుది. బేగంబజార్ల కిరాణా సామాను ఎక్కించుకొని సూర్యాపేట దాకా దుకాణాలల్ల దించొస్త. మొన్న సేటు ఫోన్ జేసి "సిగ్నల్ జంప్ జేసినవ్, 1,035 పడ్డది, జీతంల కోస్త" అన్నడు. వెయ్యి జరిమానా, 35 యూజర్ చార్జి. టైం చూస్తే మంగళవారం 11:12, సిటీల చౌరస్త. గదే రోజు 11:05కు నేను చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ దాటిన. ఫాస్టాగ్ మెసేజ్ సేటు ఫోన్లనే ఉంది. ఏడు నిమిషాలల్ల సిటీకి ఎట్లొస్త, రెక్కలున్నయా? సేటేమో "కట్టెయ్, ఎవడు తిరుగుతడు" అంటుండు. నాకు రెండు దినాల జీతమది.

డీసీఎం బాబాయ్:
కట్టొద్దు తమ్ముడూ. కట్టావంటే ఒప్పుకున్నట్టే. ముందు ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొట్టి ఫొటో చూడు. మా డీసీఎంకి ఒకసారి సీటుబెల్టు చలాన్ వచ్చింది, ఫొటోలో చూస్తే ఆటో! ఒక అంకె తప్పు కొట్టారు. అలాంటిదైతే ఆర్సీ, బండి ఫొటోలు, టోల్ మెసేజ్ పెట్టి సైట్‌లోనే ఫిర్యాదు చెయ్యి. అక్కడ తేలకపోతే కోర్టులో చెప్పుకోవచ్చు. కానీ ప్లేటు మీద మీ నంబరే ఉండి బండి వేరేదైతే మాత్రం నేరుగా స్టేషన్‌కెళ్లాలి. ఎవడో మీ నంబర్ తగిలించుకుని తిరుగుతున్నాడన్నమాట. రేపు వాడు ఎవర్నన్నా గుద్దితే పోలీసులు వచ్చేది మీ సేటు గుమ్మం ముందుకే. సేటుకి ఈ మాట చెప్పు, వెయ్యి రూపాయల మాట ఎత్తకు.

హైవే రాజు:
ఆగు బ్రో, రాయితీ వస్తది. 2023 డిసెంబర్ల లారీలకు, కార్లకు 60 శాతం తగ్గించిన్రు గదా.

డీసీఎం బాబాయ్:
చెయ్యని తప్పుకి మిగతా నలభై మాత్రం ఎందుకు కట్టాలయ్యా?

పికప్‌వాలా:
ఫొటో చూసిన. మాది ఓపెన్ బాడీ, మీద టార్పాలిన్. గాడున్నది డబ్బా బాడీ. మా నంబర్ల 3 ఉన్నకాడ దానికి 8. ఎడమ దిక్కు మట్టి పట్టి 3 లెక్కనే కొడుతున్నది. గుద్దుడు సంగతి చెప్తే సేటు గల్లా మీదికెల్లి లేసిండు. రాత్రే ఫిర్యాదు పెట్టినం, జవాబింక రాలే. కాని ఈ నెల జీతంల 1,035 కోసిండు. "చలాన్ కొట్టేస్తే వాపస్ ఇస్త" అంటుండు.

డీసీఎం బాబాయ్:
ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకో.