కుక్క చర్మం జబ్బుకు లైనజోలిడ్ అనే యాంటీబయాటిక్ వాడొచ్చా? మీరేమంటారు?

లాబ్రడార్ యజమాని, విజయవాడ:
మా వాడికి ఏడేళ్లు. ఎనిమిది నెలలుగా పొట్ట మీద, తొడల మధ్య చీము పొక్కులు. సెఫాలెక్సిన్ రెండు కోర్సులు, తర్వాత అమాక్సిసిలిన్-క్లావులనేట్ వాడాం. మందు నడిచినన్నాళ్లూ తగ్గుతుంది, ఆపగానే మళ్లీ వస్తుంది. కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) చేయిస్తే, మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. రిపోర్టులో పనిచేస్తాయని ఉన్నవి నాలుగే: లైనజోలిడ్, అమికాసిన్, రిఫాంపిసిన్, క్లోరాంఫెనికాల్. మా డాక్టర్ గారు లైనజోలిడ్ రాయనంటున్నారు. మందు ఉండి కూడా ఇవ్వకపోతే ఎలా?

కుక్కల ప్రేమికురాలు, హైదరాబాద్:
నేనైతే ఇప్పించమని పట్టుబడతాను. మనుషులు జలుబుకే అజిత్రోమైసిన్ మింగేస్తున్నారు. ఆ మూగజీవికి పది ట్యాబ్లెట్లు ఇస్తే లోకం మునిగిపోతుందా?

పశువైద్యుడు, తిరుపతి:
జలుబుకు యాంటీబయాటిక్ మింగడం తప్పేనమ్మా. కానీ ఆ తప్పును చూపించి ఇంకో తప్పు చేయలేం. ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా) లాంటి మొండి ఇన్‌ఫెక్షన్లతో ఆసుపత్రిలో ఉన్న మనుషులకు మిగిలిన కొద్ది మందుల్లో లైనజోలిడ్ ఒకటి. అందుకే యూరోపియన్ యూనియన్ 2022లో దాన్ని, మెరోపెనెమ్ లాంటి కార్బాపెనెమ్ రకం యాంటీబయాటిక్‌లను మనుషులకే ప్రత్యేకించింది. పైగా మన కుక్కలు మన మంచం మీదే పడుకుంటాయి. దాని ఒంటి మీద తయారైన మొండి సూక్ష్మజీవి మన చేతికీ అంటుతుంది.

విజయవాడ సోదరా, ఆ నాలుగు పేర్లలోంచి ఒకటి ఏరుకోవడమే వైద్యం అనుకోవద్దు. క్లోరాంఫెనికాల్‌తో కొన్ని కుక్కలకు వెనక కాళ్లు బలహీనపడతాయి. అరుదుగానైనా మనుషుల ఎముక మజ్జను దెబ్బతీయగలదు కాబట్టి ఇచ్చేవాళ్లు గ్లోవ్స్ వేసుకోవాలి. రిఫాంపిసిన్ కాలేయానికి, అమికాసిన్ కిడ్నీలకు చేటు చేయవచ్చు. ఒంటరిగా వాడితే రిఫాంపిసిన్‌కు సూక్ష్మజీవి త్వరగా అలవాటు పడుతుంది కూడా.

మీరు చెప్పినదాన్ని బట్టి జబ్బు పైచర్మంలోనే ఉన్నట్టుంది. అలాగైతే నేను ముందు క్లోర్‌హెక్సిడిన్ షాంపూనే రాస్తాను. 2 నుంచి 4 శాతం ఉన్నది, వారానికి రెండు మూడుసార్లు, నురుగు పది నిమిషాలు ఉంచి కడగాలి. మెథిసిలిన్‌కు లొంగని సూక్ష్మజీవి కూడా మామూలుగా దానికి లొంగుతుంది. చర్మం మీద నేరుగా పడే మందు మోతాదు, ట్యాబ్లెట్ మింగితే రక్తం ద్వారా అక్కడికి చేరేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

కుక్కల ప్రేమికురాలు, హైదరాబాద్:
ఉద్యోగాలు చేసుకునేవాళ్లు వారానికి మూడుసార్లు స్నానం ఎలా చేయిస్తారండీ? మరి లోతుగా పాకి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికొస్తే?

పశువైద్యుడు, తిరుపతి:
ఒళ్లంతా అక్కర్లేదు, పొక్కులున్న చోటే చాలు. మధ్య రోజుల్లో అదే మందు స్ప్రేగా కొట్టొచ్చు. లోతుగా పాకితే ట్యాబ్లెట్లో ఇంజెక్షన్లో తప్పవు, అప్పుడు కూడా రక్తపరీక్షలు చేయిస్తూ ముందు మిగతా మూడింటినే చూస్తాను.

నాకు అసలు బెంగ వేరే. ఎనిమిది నెలలుగా తిరగబెడుతుందంటే కింద ఇంకేదో ఉంది. అలర్జీ, గోమార్లు, చర్మంలో ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగు, థైరాయిడ్... ఇవి చూశారా?

లాబ్రడార్ యజమాని, విజయవాడ:
ఎవరూ అడగలేదు సార్. ఈ ఏడాది తిండి పెంచకుండానే బాగా లావయ్యాడు, తోక మీద బొచ్చు పలచబడింది, ఎప్పుడూ పడుకునే ఉంటాడు. రేపే థైరాయిడ్ పరీక్ష చేయించమని అడుగుతాను. ఈ రాత్రికి షాంపూ మొదలుపెడుతున్నాం.