అందరికీ ఇంగ్లీషు వచ్చిన దేశంలో ఐరిష్ కోసం ఉత్తరాలు ఎందుకు?

డబ్లిన్ అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ గెయిల్‌స్కోల్‌లో, అంటే ఐరిష్ మాధ్యమ ప్రాథమిక బడిలో చదువుతోంది. ఇంటికి దగ్గరని చేర్చాం, అంతకుమించి కారణమేమీ లేదు. ఇప్పుడు తల్లిదండ్రులంతా కలిసి ఐరిష్ మాధ్యమంలో హైస్కూలు కూడా కావాలని విద్యాశాఖకు ఉత్తరం రాస్తున్నారు. నన్నూ సంతకం అడిగారు. మొదటి వాక్యమే "భాషా హక్కు మానవ హక్కు" అని ఉంది. నాకు అక్కడే గొంతు పట్టింది. ఈ ఊళ్లో ఇంగ్లీషు రాని ఐరిష్ మనిషి నాకింతవరకూ కనబడలేదు. తిండి, నీడ, విచారణ లేకుండా జైల్లో పెట్టకపోవడం మానవ హక్కులంటే అర్థమవుతుంది. ఇది కూడా ఆ వరుసలోదేనా? అయినా వలస వచ్చినవాళ్లం, మేం సంతకం చేయవచ్చా?

చిక్కడపల్లి చందు:
చేయకండి. 2022 జనాభా లెక్కల్లో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడతామన్నవాళ్లు 71,968 మంది. అంతమంది కోసం ప్రతి కాగితాన్నీ రెండు భాషల్లో అచ్చు వేయడం డబ్బు తగలేయడమే. అర్థమయ్యే భాషలో పని జరిగితే చాలు.

గాల్వే తాతయ్య:
అమ్మా, నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. ఇప్పుడు గాల్వేకు పడమర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. జీవితమంతా అర్జీలు చదివినవాడిని కనుక నీ ప్రశ్నకు ఆ కోణంలోనే జవాబు చెబుతాను.

నీ అనుమానంలో పస ఉంది. ఒక్క మానవ హక్కు మాట మీదే నిలబడితే ఆ ఉత్తరం తేలిపోతుంది. ఐరోపా మానవ హక్కుల ఒడంబడిక 6వ అధికరణం కోర్టు భాష తెలియని ముద్దాయికి దుబాసీని ఉచితంగా ఇమ్మంటుంది. తెలిసినవాడికి ఇవ్వనక్కరలేదు. కోరిన భాషలో బడి పెట్టించుకునే హక్కు ఆ ఒడంబడికలో లేదని 1968లో బెల్జియం భాషల కేసులో తేల్చేశారు. "నీకు ఇంగ్లీషు వచ్చు కదా" అన్న ఒక్క ముక్కతో అక్కడ దారి మూసుకుపోతుంది. చందు అన్నది కూడా ఆ ముక్కే.

ఇక్కడి ఉద్యమకారులకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. అందుకే వాళ్ల మంచి ఉత్తరాల్లో ఆవేదన రెండు పంక్తులకు మించదు, మిగతాదంతా సొంత దేశపు చట్టమే. రాజ్యాంగం 8వ అధికరణంలో ఐరిష్ మొదటి అధికార భాష, ఇంగ్లీషు రెండోది. 2003 అధికార భాషల చట్టం 9వ సెక్షను ప్రకారం పౌరుడు ఏ అధికార భాషలో ఉత్తరం రాస్తే ప్రభుత్వ సంస్థ ఆ భాషలోనే జవాబివ్వాలి. ఈ "జవాబివ్వాలి" అన్నది నాకు చాలా నచ్చింది. మన రాజ్యాంగం 350వ అధికరణం దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోనిస్తుంది. జవాబు ఏ భాషలో రావాలో అందులో లేదు. తెలుగు అర్జీ మీద ఇంగ్లీషు ఎండార్సుమెంటు పడటం మా ఆఫీసుల్లో రోజూ జరిగేదే, అడిగినవాడు లేడు.

మా పక్కింటాయన అడుగుతాడు. తన ఇంటి ముందు రోడ్డు మీద గుంట గురించి ఒక కార్యాలయానికి ఐరిష్‌లో రాశాడు. వచ్చిన జవాబు నాకు చూపించాడు. కాగితం పైన కార్యాలయం పేరు ఐరిష్‌లో అందంగా అచ్చయి ఉంది, దాని కింద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఇంగ్లీషే. ఆయన పేరులో స్వరాక్షరం మీద పెట్టే వాలు గీతను, వాళ్లు ఫాదా అంటారు, ఎగరగొట్టేశారు. ఆయన కోపంగా ఏమీ రాయలేదు. నాలుగు పంక్తులు: ఫలానా తేదీ నా లేఖ, ఫలానా తేదీ మీ లేఖ, 9వ సెక్షను, ఐరిష్‌లో జవాబు కోరుతున్నాను. నకలు భాషా కమిషనరుకు, అంటే ఈ చట్టం అమలు చూసే అధికారికి. నా దగ్గర పనిచేసిన గుమాస్తాలు అంత పొందికగా ఒక్కనాడూ రాయలేదు. గుంట సంగతంటారా, ఐరిష్ జవాబు రాకముందే పూడ్చేశారు. ఆయన మాత్రం జవాబు వచ్చేదాకా వదల్లేదు.

ఇలాంటి మొండివాళ్ల చలవే ఈ చట్టం కూడా. తాగి కారు నడిపిన కేసులో చిక్కుకున్న ఒకాయన, తన మీద పెట్టిన చట్టాల పాఠం ఐరిష్‌లో ఇస్తేనే వాదించుకోగలనని పట్టుబట్టాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయి, రాజ్యాంగం ప్రకారం ఇవ్వాల్సిందేనని 2001లో తీర్పొచ్చింది. రెండేళ్లకు అధికార భాషల చట్టం వచ్చింది. ఈ ప్రాంతంవాడే మరొకడు పెంపుడు కుక్క మందుల మీద ఐరిష్ లేదేమని కోర్టుకెక్కి, 2021 మార్చిలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం దాకా వెళ్లి గెలిచాడు. మరుసటి జనవరి నుంచి ఐరోపా సమాఖ్య నిబంధన మారి ఏదో ఒక అధికార భాష ఉంటే చాలన్నారు, అది వేరే కథ. చట్టాన్ని పట్టుకుని వేలాడేవాడు గెలిచినా చేతికి పెద్దగా ఏమీ రాని కేసులు మనకూ కొత్తేమీ కాదు.

చందూ, నీ లెక్క సరైనదే. ఆ సంఖ్య 2016లో 73,803. ఎందుకు తగ్గుతోందో కూడా చూడు. 1974లో ప్రభుత్వోద్యోగానికి ఐరిష్ తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు. కౌంటరు దగ్గర ఐరిష్ వచ్చిన గుమాస్తా లేకపోతే పల్లె ముసలమ్మ కూడా ఇంగ్లీషుకే దిగుతుంది. అప్పుడు "అడిగేవాళ్లే లేరు" అని రిపోర్టు రాసేస్తారు. మొదటి భాషా కమిషనరు షాన్ ఓ కురాయిన్ ఈ తీరు చూసి విసిగి, 2013 డిసెంబరులో పదవి వదులుకుంటున్నానని ప్రకటించాడు. మరుసటి ఫిబ్రవరిలో వేలమంది ఎర్ర బట్టలు వేసుకుని డబ్లిన్ వీధుల్లో నడిచారు. 2021లో చట్టాన్ని సవరించి, 2030 నాటికి ప్రభుత్వంలో కొత్తగా చేరేవారిలో 20 శాతం మందికి ఐరిష్ వచ్చి ఉండాలని పెట్టారు. ఆ ఫాదాకు కూడా అందులోనే చోటు దొరికింది.

బెల్‌ఫాస్ట్ నర్సు:
బాబాయి గారూ, మీరు చెప్పింది దక్షిణానికి సరిపోతుంది. ఇక్కడ ఉత్తర ఐర్లండ్‌లో 8వ అధికరణం లేదు, బ్రిటన్ పాలన. పట్టుకోవడానికి సొంత చట్టం లేనప్పుడు మానవ హక్కు అనక ఏమంటారు? ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఐరోపా చార్టర్‌ను బ్రిటన్ 2001లో ఆమోదించింది, కనుక ఇక్కడివాళ్ల ఫిర్యాదులు ఆ చార్టర్ నిపుణుల కమిటీకి వెళుతుంటాయి. ఐర్లండ్ మాత్రం దాని మీద సంతకమే పెట్టలేదు. తమకది మొదటి అధికార భాష కదా, అల్పసంఖ్యాక భాష అని ఎలా ఒప్పుకుంటారు!

ఐరిష్ భాషా చట్టం తెస్తామని 2006లో సెయింట్ ఆండ్రూస్ ఒప్పందంలో మాటిచ్చారు. వచ్చింది 2022 డిసెంబరులో. మధ్యలో 2017లో ఒక పార్టీ నాయకురాలు ఆర్లీన్ ఫాస్టర్ ఈ డిమాండును మొసలికి మేత వేయడంతో పోల్చింది. ఆ మే నెల ఊరేగింపులో కొందరు మొసలి వేషాలు కట్టుకుని వచ్చారు. కోర్టుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష కూడదన్న 1737 నాటి శాసనం ఒకటి ఇక్కడ పుస్తకాల్లో ఉండేది. కల్చరల్ సెంటరులో కార్యక్రమానికి కోర్టును ఐరిష్‌లో లైసెన్సు అడిగితే కూడా అదే అడ్డం వచ్చింది. దాన్ని రద్దు చేసే నిబంధన 2022 చట్టంలో పెట్టారు. ఆ శాసనం మాటేమంటావు చందూ? అందులో అచ్చు ఖర్చు లేదుగా.

చిక్కడపల్లి చందు:
1737 శాసనాన్ని నేనూ సమర్థించను. ఖర్చు సంగతి మీద నా అభిప్రాయం మారలేదు.

డబ్లిన్ అమ్మ:
బాబాయి గారూ, అయితే సంతకం చేయనా? మొదటి వాక్యం తీసేయమని చెప్పనా?

గాల్వే తాతయ్య:
సంతకం చేయి. పౌరసత్వంతో పని లేదు. కమిషనరుకు ఫిర్యాదు కూడా ఎవరైనా చేయవచ్చని చట్టంలోనే ఉంది. ఆ వాక్యం తీసేయవద్దు, చివరి పేరాలోకి దింపమను. మొదటి పేరాలో అంకెలు ఉండాలి: ఈ ఏడాది ప్రాథమిక బడి ముగించే పిల్లలు ఎంతమంది, ఇప్పుడున్న దగ్గరి ఐరిష్ మాధ్యమ హైస్కూలు ఎంత దూరం, అందులో ఖాళీలు ఎన్ని. కొత్త హైస్కూలు పెట్టేటప్పుడు ఏ యాజమాన్యం, ఏ మాధ్యమం కావాలో తల్లిదండ్రులనే అడిగే పద్ధతి ఇక్కడ ఉంది. అందులో మీరంతా తప్పకుండా నమోదు కావాలి. అది మరిచిపోయి ఎన్ని ఉత్తరాలు రాసినా దండగ.

ఉత్తరం ఐరిష్‌లోనే రాయించండి. జవాబు ఇంగ్లీషులో వస్తే విసుక్కోకుండా కవరుతో సహా దాచి ఉంచండి. కమిషనరు కార్యాలయం మాకు దగ్గర్లోనే, స్పిడాల్‌లో ఉంది. కావాలంటే మా పక్కింటాయన్ను ఫిర్యాదు ఒకసారి చూసిపెట్టమంటాను. సంతోషంగా చేస్తాడు, ప్రస్తుతం ఆయన చేతిలో గుంటలేమీ లేవు.