అప్‌డేట్: పాప బొమ్మలకు డబ్బులివ్వడం ఆపేశాక

నెల క్రితం నేనడిగింది ఇది: ఏడేళ్ల మా పాప రోజూ ఇష్టంగా బొమ్మలు వేసేది. బొమ్మకు 10 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ఇష్టం ఎందుకు తగ్గింది?

మీలో ఒకరు చెప్పిన 1973 నాటి ప్రయోగం నా కళ్లు తెరిపించింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ బడి పిల్లలతో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసినది. బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే మాటిచ్చిన పిల్లలు, తర్వాత ఏ బహుమతీ లేనప్పుడు, మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్లలో మాత్రం ఆసక్తి తగ్గలేదు. నేను పాపతో ముందే బేరం కుదుర్చుకున్నానన్నమాట.

డబ్బులు ఆపేశాను. మొదటి వారం "ఎన్ని రూపాయలిస్తావు నాన్నా?" అని అడిగింది. ఏమీ లేవంటే పుస్తకం మూసేసింది. చాలా బాధేసింది, టెన్షన్ కూడా పడ్డాను. రెండో వారం వెయ్యమని చెప్పడం కూడా మానేసి, పక్కన కూర్చుని నేనే ఒక కాకిని గీశాను. "కాకి ముక్కు అలా ఉండదు" అని పెన్సిల్ లాక్కుంది!

మొన్న ఆదివారం గంటసేపు వేసింది. ఎక్కాలకు మాత్రం ఇంకా చాక్లెట్ ఇస్తున్నాను. అవి తనకు మొదటి నుంచీ ఇష్టం లేదు, కాబట్టి అక్కడ పోయేదేమీ లేదనుకుంటున్నాను.