సమస్య: కనులు మూసికొనిన కథ కనబడె (ఏడాది సినిమాల లెక్కతో సహా)

వెనక వరుస:
ఈసారి సమస్య ఇచ్చే వంతు నాది కాబట్టి ముందు నా గోడు కాస్త వినాలి. ఈ ఏడాది థియేటర్‌కి 23 సార్లు వెళ్లాను. నేనేమీ విమర్శకుణ్ణి కాదు, ఏ కెమెరా ఏ కోణంలో పెట్టారో నాకు తెలీదు, ఖాళీ దొరికితే వెళ్లి వెనక వరుసలో కూర్చునే మనిషిని. తొమ్మిదిసార్లు ఒక్కణ్ణే వెళ్లాను. అలా వెళ్తే బాగుంటుందని ఈ ఏడాదే తెలిసింది, పక్కవాళ్లకి నచ్చుతోందో లేదో అని టెన్షన్ ఉండదు, నవ్వొస్తే నవ్వుకోవచ్చు, ఏడుపొస్తే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. విశ్రాంతి దగ్గరే లేచి వచ్చేసింది ఒకటి. నిద్రపోయినవి రెండు. ఆ రెండింటిలో ఒకదానికి, బయటికొచ్చాక మా వాడు కథ అడిగితే, చూడని భాగంతో సహా మొత్తం చెప్పేశాను, ఒక్కటీ తప్పు పోలేదు! ఈ పాదం అక్కడే పుట్టింది:

*కనులు మూసికొనిన కథ కనబడె*

ఆటవెలది నాలుగో పాదం ఇది, మిగతా మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ. కనులు, మూసి, కొనిన, కథక, నబడె. ఐదూ సూర్యగణాలే (గలం, అంటే ఒక గురువూ ఒక లఘువూ, లేదంటే మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) క-క. పూరణలో సినిమా ఉండాలి, అదొక్కటే షరతు.

కొత్తకలం:
నేను ఆటవెలది రాయడం ఇది మూడోసారి, తిట్టకండి. త్రీడీ సినిమా మీద.

మూడు కొలతలనుచు ముక్కుపై నద్దాలు
పెట్టుకొని కూర్చుంటి తలకు నొప్పి
తాళలేక యింక తల దించుకొని నేను
కనులు మూసికొనిన కథ కనబడె!

గణయతి:
తిట్టడమెందుకు, మొదటి పాదం చక్కగా కుదిరింది. మూడు, కొలత, లనుచు, ముక్కుపై, నద్దాలు. మూడు సూర్య, రెండు ఇంద్ర (సూర్యగణాల కన్నా పెద్దవి), యతి మూ-ము. ఒకటి, మూడు పాదాలకి ఇదే లెక్క, రెండు, నాలుగు పాదాలకి ఐదూ సూర్యగణాలే. మూడో పాదమూ అంతే. చిక్కంతా రెండో పాదంలో ఉంది. 'పెట్టు' గలం, సరే. ఆ తర్వాత 'కొనికూ' వచ్చింది, రెండు లఘువులూ ఒక గురువూ, అది సూర్యగణం కాదు. పైగా యతిస్థానంలో 'త' ఉంది, దానికి 'పె'తో పొత్తు కుదరదు. మీరు బహుశా గణాలు లెక్కపెట్టుకోకుండా రాగంలో పాడుకుంటూ రాసి ఉంటారు, రాగం చాలా తప్పులు దాచేస్తుంది. ఇలా మార్చి చూడండి:

పెట్టి కూరుచుంటి, పెరిగె నొప్పి

కొత్తకలం:
అవును మాస్టారూ, పాడుకుంటూనే రాశాను! ఎలా కనిపెట్టారు?

గణయతి:
నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి.

వెనక వరుస:
పద్యం సంగతి పక్కనపెడితే, నాకు భావం నచ్చింది. ఈ ఏడాది త్రీడీలో రెండు చూశాను. ఆ అద్దాలు ఒక్కో కంటికి ఒక్కో బొమ్మనే వెళ్లనిస్తాయి కదా, రెండూ కలిపి లోతు కట్టే పని మన మెదడుదే. అద్దాల వల్ల వెలుతురూ తగ్గుతుంది, రాత్రి సన్నివేశాల్లో ఎవరు ఎవర్ని పొడిచారో నాకు తెలియలేదు. మొదటి పది నిమిషాలూ ఏదో మీదికి వస్తుంటే తల పక్కకి తిప్పుతాం, ఆ తర్వాత అలవాటైపోయి మామూలు సినిమానే, బరువు మాత్రం ముక్కుమీద మిగులుతుంది.

మాట్నీ మామ:
నేను నిద్రనే నమ్ముకున్నాను.

చల్ల గాలి తగిలి సగము నిద్రకు జారి
తెరను వదిలి కలలఁ దిరిగినాను
మెలకువందు లేని మేటి మలుపుతోడ
కనులు మూసికొనిన కథ కనబడె!

గణయతి:
హాయిగా ఉంది. చ-స, తె-ది, మె-మే, యతులన్నీ సాఫీగా పడ్డాయి. 'మెలకువందు' దగ్గర ఒక్క క్షణం ఆగాను, మెలకువ ప్లస్ అందు అని విడదీస్తే సరిపోతుంది. అభ్యంతరం లేదు.

రెప్పచాటు:
మామయ్యా, మీ కలలో వచ్చిన మలుపేదో చెప్పండి, ఎవరో ఒకరు తీసేస్తారు.

మాట్నీ మామ:
లేవగానే మర్చిపోయానమ్మా. ఎదురుగా తెరమీద విలన్ ఇంకా తన బాల్యం చెబుతూనే ఉన్నాడు. నేను నిద్రపోకముందు మొదలుపెట్టాడు.

రెప్పచాటు:
నాది దయ్యం సినిమా. ఈ ఏడాది నేను చూసినవి నాలుగే, అందులో ఇదొకటి. నిజం చెప్పాలంటే సగం కూడా చూడలేదు, వేళ్ల సందుల్లోంచి చూశాను.

తలుపు కిర్రుమనియె దయ్యమొచ్చెననుచు
చేయి ముఖము పైన చేర్చినాను
వినిన సవ్వడులకె విషయమంత తెలిసె
కనులు మూసికొనిన కథ కనబడె!

గణయతి:
ఇప్పటివరకూ వచ్చినవాటిలో సమస్యకి బాగా అతికింది ఇదే, ఎందుకంటే కళ్లు మూసుకోవడానికి గట్టి కారణం ఉంది, మూసుకున్నాక కథ ఎలా తెలిసిందో దానికీ జవాబు ఉంది. ఒక్క చోటే పంటికింద రాయి: 'దయ్యమొచ్చె'. వచ్చు ధాతువు 'ఒచ్చు' కావడం నోటిమాటలో సరే, 'మనియె', 'వినిన' అని రాసిన పద్యంలో పొసగదు. 'దయ్యమె వచ్చెనో' అనండి. భగణం, రగణం, రెండూ ఇంద్రగణాలే, గణాలూ సరిపోతాయి, యతి త-ద అలాగే ఉంటుంది. పైగా ఆ 'వచ్చెనో'లో అనుమానం వచ్చింది చూడండి, భయానికి అనుమానమే కదా ప్రాణం.

రెప్పచాటు:
మార్చేశాను. అవునండీ, దయ్యం కనిపించాక భయం పోయింది. అంతకుముందు ఆ నలభై నిమిషాలు, నీళ్ల చుక్క పడటం, ఎక్కడో కుర్చీ జరగడం, అదే చంపేసింది. చెవులు మూసుకుని కళ్లు తెరిచి ఉంటే అసలు భయమే వేయలేదు, అదీ ఒకసారి చేసి చూశాను. దయ్యం ముఖానికి వేసిన రంగు కూడా కనిపించింది.

వెనక వరుస:
దీనికి నా వంతు సంతకం. ఈ ఏడాది నా పెద్ద ఫిర్యాదు శబ్దం గురించే. హీరో నడిచి వస్తే డప్పులు, తలుపు తీస్తే డప్పులు, ఆలోచిస్తే డప్పులు. 23లో ఒక్క సినిమాలో మాత్రం ఆసుపత్రి వరండా సన్నివేశం ఉంది, రెండు నిమిషాలు ఏ సంగీతమూ లేదు, హాల్లో ఎవరో దగ్గితే అందరం ఉలిక్కిపడ్డాం. ఆ నిశ్శబ్దం కోసం మిగతా ఇరవై రెండింటినీ క్షమించేయొచ్చు అనిపించింది, కానీ మరుసటి వారం ఇంకో సినిమాకి వెళ్లాక క్షమించబుద్ధి కాలేదు.

ఫార్ములా బాధితుడు:
పాత కథనె మరల పదిమార్లు తీసిరి
పాట, పోరు, కన్నె, పగ, విరామ
మనెడు వరుస తెలిసె, మఱి చూడనేటికి?
కనులు మూసికొనిన కథ కనబడె!

గణయతి:
'విరామ' దగ్గర పాదం ఆపి 'మనెడు'తో కిందికి దూకడం బాగుంది, సరిగ్గా విశ్రాంతి పడ్డట్టే ఉంది. కావాలనే చేశారా?

ఫార్ములా బాధితుడు:
కాదండీ, గణం నిండిపోయింది. కానీ ఇకనుంచీ కావాలనే అని చెప్పుకుంటాను.

వెనక వరుస:
పద్యం బాగుంది గానీ భావంతో నాకు చిన్న పేచీ ఉంది. ముందే తెలిసిన కథ అయినంత మాత్రాన చూడక్కర్లేదా? ఈ ఏడాది మళ్లీ విడుదలైన పాత సినిమాలు మూడు చూశాను. ప్రతి మాటా తెలుసు, మాట రాకముందే హాలంతా అనేస్తోంది, అయినా 23లో నేను పూర్తిగా తల తిప్పకుండా చూసినవి అవే. మనకి కథ తెలిసిపోవడం కాదు బాధ, తీసేవాడికే దానిమీద ఆసక్తి లేదని మనకి తెలిసిపోవడం బాధ. ట్రైలర్ల సంగతీ అంతే అనుకోండి, రెండున్నర నిమిషాల్లో హీరో ఎవర్ని పోగొట్టుకుంటాడో, ఎవర్ని కొడతాడో వరుసగా చూపించేసి చివర్లో విడుదల తేదీ వేస్తారు.

ఫార్ములా బాధితుడు:
ఒప్పుకున్నాను. పాత సినిమాకి నేనూ రెండుసార్లు వెళ్లాను, ఇక్కడ చెప్పకూడదనుకున్నాను.

పాతపుస్తకం:
పురాణం లేకుండా పూరణ ఏమిటని నా ప్రయత్నం.

సంజయుండు చెప్ప సమరమెల్ల వినుచు
చూపు లేని రాజు చూచినట్లు
మంచి మాటలున్న మాట్నీకి పోయిన
కనులు మూసికొనిన కథ కనబడె!

గణయతి:
ఆ 'మాట్నీకి' తగణం, ఇంద్రగణాల్లో ఒకటి! సంజయుడి పక్కన మాట్నీని కూర్చోబెట్టినందుకు నమస్కారం. అయితే ఒక్క మాట. ధృతరాష్ట్రుడిది పుట్టుగుడ్డితనం, ఆయన కళ్లు మూసుకోలేదు. మూసుకున్నది గాంధారి, గంతలు కట్టుకుని. సమస్యలో 'మూసికొనిన' ఉంది కాబట్టి ఆవిడ వచ్చి ఉంటే ఉపమానం ఇంకా గట్టిగా పట్టేది.

పాతపుస్తకం:
గాంధారిని తీసుకురావాలనే కూర్చున్నాను. కానీ యుద్ధం సంజయుడు చెబుతుంటే విన్నది రాజు, నాకు ఆ వినడం కావాలి. పైగా 'చూచినట్లు' అన్నాను, పోలిక మాత్రమే.

గణయతి:
సరే, పోలికకి ఆ మాత్రం సడలింపు ఇవ్వొచ్చు. కానీ గాంధారి పద్యం కూడా బాకీ ఉన్నారు.

రీలు డబ్బా:
నాకు పద్యం రాదు, ప్రొజెక్టర్ నడిపిన అనుభవం ఉంది, ఒక సంగతి చెప్పి పోతాను. రీళ్ల కాలంలో సెకనుకు 24 బొమ్మలు కదా. ఒక బొమ్మ పోయి ఇంకోటి గేటులోకి (దీపం ముందు బొమ్మ నిలిచే చోటులోకి) దిగేటప్పుడు ఆ కదలిక తెరమీద పడకూడదు, అందుకని షట్టర్ రెక్క అడ్డం వచ్చి వెలుతురు ఆపేస్తుంది. 24 సార్లే ఆర్పితే మినుకుమినుకుమంటుందని, బొమ్మ నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంకోసారి రెక్క తిరిగి, ఒక్కో బొమ్మను రెండేసి సార్లు చూపేది. అంటే సెకనుకు 48 వెలుగులు, 48 చీకట్లు. లెక్కేస్తే సినిమా నడిచినంతసేపట్లో దాదాపు సగం తెర చీకటిగానే ఉండేది, జనానికి తెలిసేది కాదు. దానికి తోడు మనిషి నిమిషానికి 15, 20 సార్లు రెప్ప వేస్తాడు. కాబట్టి మీ సమస్యలో వింతేమీ లేదు, సగం కథ అందరూ చీకట్లోనే చూశారు.

మాట్నీ మామ:
అయితే నేను నిద్రపోయింది మిగతా సగమేనన్నమాట!

గణయతి:
ఇలాంటివాడు పద్యం రాదంటే ఎలా? ఆ రెక్క మీద ఒక్క ఆటవెలది రాయండి, గణాలు మేం చూసుకుంటాం.

అరసున్న:
ఆలస్యంగా వచ్చాను, ముందు సమస్య మీదే ఫిర్యాదు. 'కథ' ప్రథమా విభక్తిలో ఉంది, దాని తర్వాత పరుషం, అంటే 'క' వచ్చింది, అది 'గ' కావాలి. 'కథ గనబడె' అనాలి కదా?

గణయతి:
గసడదవాదేశం (క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారడం) బహుళం. చేయవచ్చు, మానవచ్చు. క-గ యతి ఎలాగూ చెల్లుతుంది. వెనక వరుస గారు మానేశారు, శిక్ష లేదు.

వెనక వరుస:
నిజానికి నాకు ఆ నియమమే గుర్తు లేదు. బహుళానికి ధన్యవాదాలు.

అరసున్న:
సరే, నా పూరణ. అందరూ 'కొనిన'ను చేదర్థకంగా తీసుకున్నారు, మూసుకుంటే అని. నేను విశేషణంగా తీసుకున్నాను.

బొమ్మ పెద్ద దయ్యె, బొబ్బలు మిన్నంటె
రంగు హంగులెన్నొ రాశి పడియె
మెఱుపు తీసి చూడ మిగిలినదేమన్న
కనులు మూసికొనిన కథ కనబడె!

గణయతి:
విరుపు అంటే ఇదీ. ఒక్క అక్షరం మార్చకుండా సమస్య అర్థం తిరగబడింది: కళ్లు మూసుకున్నది ప్రేక్షకుడు కాదు, కథే! కాకపోతే 'కన్నుమూసిన' అంటే పోయిందని అర్థం, 'కనులు మూసికొనిన' అంటే కునుకు తీసిందనే స్ఫురిస్తుంది. కాబట్టి మీ కథ చచ్చిపోలేదు, నిద్రపోయింది.

అరసున్న:
నేను చూసిన సినిమాలో దానికి రెండో భాగం కూడా ఉందని చివర్లో చెప్పారు. కాబట్టి మీరన్నదే నిజం, నిద్రపోయి ఉంటుంది.

రెప్పచాటు:
అందరివీ అయ్యాయి, సమస్య ఇచ్చినాయన పూరణేదీ?

వెనక వరుస:
రాశాను, నాలుగు రోజులు పెట్టాలా వద్దా అని ఆగాను. ఆ వరండా సినిమా గురించే. చూసినప్పుడు బాగుంది అనుకుని బయటికొచ్చాను, అంతే, పెద్దగా ఏమీ అనిపించలేదు. అందులో కొడుకు ఏదో ఉద్యోగం వచ్చిందని చెబుతుంటే తల్లి నవ్వుతూ చీర కొంగు మడతపెడుతుంది, మడిచిందే మళ్లీ మడుస్తుంది. అది అప్పుడు నా కంటికి ఆనలేదు.

ఇల్లు చేరి దీపమిట్టె యార్పిన వేళ,
తెరను చూచినపుడు తెలియలేదు
తల్లి చూపులోన దాచుకొన్న దిగులు,
కనులు మూసికొనిన కథ కనబడె.

గణయతి:
గణాలు, యతులు సరే. మొదటి పాదానికీ నాలుగో పాదానికీ అన్వయం దూరమైంది, మధ్యలో రెండు పాదాలు దాటాలి. 'ఇట్టె' గణం నింపడానికి వచ్చిందని నా అనుమానం. అయినా ఇక్కడ నేను పెన్ను పెట్టను.

వెనక వరుస:
'ఇట్టె' నింపుడే, ఒప్పుకుంటున్నాను. ఇంకేదీ తట్టలేదు.

మాట్నీ మామ:
పద్యం అట్టే పెట్టు నాయనా, ఆ సినిమా ఇంకా ఆడుతోందా? ఈసారి నిద్రపోకుండా చూస్తాను.

వెనక వరుస:
లేదు మామా. ఆ కొంగు మడతపెట్టడం మళ్లీ చూద్దామని వారం తర్వాత వెళ్లాను, అప్పటికే తీసేశారు. అదే తెరమీద డప్పుల సినిమా ఆడుతోంది. ఎలాగూ వెళ్లాను కదా అని అదే చూసి వచ్చాను, నిద్రపోయిన రెండోది అదే.