మోంతోబాన్ ఎర్ర టోపీలు: ముందు పారాలా, ముందు సాపర్లా?

తులూజ్_శీను: మొన్న పనుండి ఫ్రాన్స్‌లోనే మోంతోబాన్ వెళ్ళా, నేనుండే తులూజ్ నుంచి ఉత్తరంగా యాభై కిలోమీటర్లే. స్టేషన్లో ఎర్ర టోపీల కుర్రాళ్ళు ఓ పదిమంది. ఆ ఊళ్ళో ఉండే 17వ పారాచూట్ ఇంజనీర్ రెజిమెంట్ వాళ్ళు. మందుపాతరలు తీయడం, దార్లు చేయడం, రన్‌వేలు బాగుచేయడం వీళ్ళ పని, కాకపోతే అవసరమైతే విమానంలోంచి దూకి మరీ చేస్తారు. నాతో ఉన్న ఫ్రెంచ్ కొలీగ్ "పారాలు" అన్నాడు, అంటే పారాచూట్ సైనికులు, ఇంజనీర్లు అనలేదు. నేనూ అదే అంటా. మీరేమంటారు?

మాజీ_తంబి_గిద్దలూరు: తప్పు తమ్ముడూ. సాపర్లంటే సైన్యంలో ఇంజనీర్లు. నేను మన ఆర్మీలో మద్రాస్ సాపర్స్‌లో 22 ఏళ్ళు చేశా, అందుకే ఆ పేరు, మమ్మల్ని తంబీలనే పిలుస్తారు. డిసెంబర్ 4న ఫ్రెంచ్ సాపర్లందరికీ పండగ, సెయింట్ బార్బరా. సొంత తండ్రే ఆమె తల నరికితే పిడుగు పడి ఆయన చచ్చాడని కథ, అందుకే మందుగుండుతో పనిచేసే వాళ్ళకి, ఫిరంగుల వాళ్ళకి, గనుల్లో వాళ్ళకి అందరికీ ఆవిడే అమ్మవారు. పండగ ఎవరిదైతే మనిషి వాళ్ళవాడే.

తులూజ్_శీను: మరి సెప్టెంబర్ 29 సెయింట్ మైకేల్ పండగ అన్నా? అది పారాలది. టోపీ మీద బ్యాడ్జి చూడండి, రెక్క, కత్తి పట్టిన చెయ్యి. పారా బ్యాడ్జే కదా.

కాఫీ_సుబ్బు: రెండు పండగలూ చేసుకుంటే పోలా 😄

కృష్ణాతీరం: జులై 14 ఫ్రెంచ్ జాతీయ దినోత్సవం పరేడ్‌లో గడ్డాలు, తోలు ఏప్రన్లు, భుజాన గొడ్డలి పెట్టుకుని మెల్లగా నడుస్తారే, వాళ్ళేనా వీళ్ళు?

తులూజ్_శీను: కాదండి, వాళ్ళు ఫారిన్ లీజన్ పయనీర్లు, లీజన్ అంటే విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రెంచ్ సైనిక దళం. నిమిషానికి 88 అడుగులే వేస్తారు, మిగతావాళ్ళు 120.

మాజీ_తంబి_గిద్దలూరు: డిసెంబర్ 4 సంగతికి జవాబు రాలేదు.

తులూజ్_శీను: అన్నా ఆ తారీకు వదలండి. అదే జిల్లాలో కాస్టెల్‌సారాజాన్‌లో 31వ ఇంజనీర్ రెజిమెంట్ ఉంది. పని అదే, పారాచూట్ లేదు. అంటే తేడా పారాచూట్‌దేగా? 1953 నవంబర్ 20న ఇండోచైనాలో, అంటే ఇప్పటి వియత్నాంలో, దియెన్ బియెన్ ఫూ లోయ మీద ఫ్రెంచ్ సైన్యం దూకినప్పుడు పదాతి పారాలతో పాటు 17 నంబరు ఇంజనీర్ కంపెనీ కూడా దూకింది. వాళ్ళకోసం బుల్డోజర్ని కూడా పైనుంచే పడేశారు, ఒకటి పారాచూట్లు తెగిపోయి పొలంలో దిగబడిపోయింది, ఇంకోటి తెప్పించాల్సి వచ్చింది. రోడ్డు మీద లారీలో వచ్చేవాళ్ళకి ఈ చరిత్ర ఎక్కడిది?

మాజీ_తంబి_గిద్దలూరు: నువ్వే ఒప్పుకున్నావ్ చూడు. బుల్డోజర్ ఎందుకు పడేశారు, గాల్లో తిరగడానికా? జపాన్ వాళ్ళ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్పు నిండా శత్రువులు గుంతలు తవ్వి పెట్టారు, అవి పూడిస్తేగాని విమానం దిగదు. 2013లో మాలిలోనూ అంతే. టింబక్టు మీద రాత్రిపూట దూకింది లీజన్ పారాలు, పేపర్లలో వాళ్ళే. అడ్డాలు పెట్టి చెడగొట్టిన రన్‌వేని, మిషన్లు కూడా పారాచూట్లతోనే దించుకుని బాగుచేసింది ఈ మోంతోబాన్ వాళ్ళు. దూకడం రెండు నిమిషాల పని తమ్ముడూ, పార పట్టడం రెండు రోజులు.

తులూజ్_శీను: అన్నా ఏమనుకోకండి, మీరెప్పుడైనా విమానంలోంచి దూకారా?

కాఫీ_సుబ్బు: అయిపోయింది

మాజీ_తంబి_గిద్దలూరు: లేదు. దూకుదామనే వాలంటీర్‌గా వెళ్ళా, ప్రొబేషన్లో మోకాలు పోయింది, బ్యాగు సర్దుకుని పొమ్మన్నారు. ఇంకా వింటావా? ఒకసారి వరదల్లో రాత్రంతా నడుంలోతు నీళ్ళలో నిలబడి మా సెక్షన్ వంతెన వేసింది, అరచేతుల తోలు ఊడొచ్చింది. తెల్లారాక దాని మీదుగా నడిచొచ్చిన ఎర్ర టోపీల వాళ్ళ ఫొటో పడింది పేపర్లో. మా ఆవిడ ఆ ఫొటో చూసి "ఇందులో మీరెక్కడ" అనడిగింది. నీ కొలీగ్ "పారాలు" అంటే నాకు మండింది అందుకే. పని ఎవరు చేశారో అడిగేవాడే ఉండడు.

తులూజ్_శీను: సారీ అన్నా, అలా అడిగుండాల్సింది కాదు. కానీ నా బాధ వేరే. 2012 మార్చి 15న ఈ రెజిమెంట్ కుర్రాళ్ళు ముగ్గురు, యూనిఫాంలో, మోంతోబాన్‌లో బ్యారక్స్ దగ్గరే ఏటీఎం ముందు నిలబడుంటే ఒకడు కాల్చేశాడు. ఇద్దరు పోయారు. ఇద్దరివీ ఉత్తరాఫ్రికా మూలాలున్న కుటుంబాలే. మూడోవాడు గ్వాదెలూప్ నుంచి వచ్చిన కుర్రాడు, ప్రాణం దక్కింది గాని మెడ కింద చచ్చుబడింది. నాలుగు రోజులకి మా తులూజ్‌లో యూదుల స్కూలు ముందు పిల్లల్ని చంపింది కూడా ఆ కాల్చినవాడే. నేనప్పటికి ఇక్కడికొచ్చి ఆర్నెల్లు. వాణ్ణి పట్టుకునేదాకా బస్సెక్కితే ప్రతివాడూ నా మొహంకేసి చూస్తున్నట్టే ఉండేది. ఇప్పటికీ నువ్వెక్కడివాడివని అడుగుతారు. మొన్న స్టేషన్లో ఆ పదిమందిలో నల్లవాళ్ళున్నారు, అరబ్బు మొహాలున్నాయి, నా కొలీగ్ అందర్నీ కలిపి ఒకే మాటన్నాడు. ఆ మాటే నాకు నచ్చింది, అందులోంచి ఇంజనీరు పోయినా నాకు పట్టలేదు.

మాజీ_తంబి_గిద్దలూరు: నీకు టోపీ ఎందుకు ముఖ్యమో ఇప్పుడర్థమైంది. ఇది మొదటే రాయాల్సింది.

మాజీ_తంబి_గిద్దలూరు: అయినా డిసెంబర్ 4 డిసెంబర్ 4యే.

తులూజ్_శీను: 😄 ఈసారి ఆ రోజు లీవు పెట్టి మోంతోబాన్ వెళ్తా అన్నా, ఫొటోలు పెడతా.

మాజీ_తంబి_గిద్దలూరు: ఫొటోలో వాళ్ళ చేతులు కనపడేలా తియ్యి.

వైజాగ్_బీచ్: ఇప్పుడే చూశా థ్రెడ్డు. తోలు ఏప్రన్లు, గడ్డాల వాళ్ళ గురించేనా?