మధ్యాహ్నం కాగానే ప్రైమింగ్ కోల్పోతున్న ద్రవ ఆక్సిజన్ పంపు

ప్రశ్న

సిలిండర్లు నింపే ఒక చిన్న ఆక్సిజన్ కేంద్రంలో నిర్వహణ పనులు చూస్తున్నాను. ట్యాంకు నుంచి ద్రవ ఆక్సిజన్‌ను తీసుకొని, సుమారు 150 బార్ల పీడనానికి ఎక్కించి, వేపరైజర్ (ద్రవాన్ని వాయువుగా మార్చే పరికరం) మీదుగా సిలిండర్లకు పంపే పిస్టన్ పంపు మాది. ఉదయం పూట ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మాత్రం పది పన్నెండు సిలిండర్లు నిండేసరికి చప్పుడు మారిపోయి, డెలివరీ గేజీ ముల్లు వణుకుతూ కిందికి జారిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ద్రవం మాత్రం రాదు, అంటే ప్రైమింగ్ పోతోంది. నెల కిందటే పిస్టన్ టెఫ్లాన్ రింగులు మార్చాం. ట్యాంకు గేజీ 4 బార్లు చూపిస్తున్నందున సక్షన్‌కు, అంటే పంపు ద్రవాన్ని లాగే వైపుకు, కొరత లేదనుకుంటున్నాను. పంపును విప్పమంటారా?

మొదటి జవాబు

ఇప్పుడే విప్పవద్దు. వ్యవసాయ మోటారుకు గాలి పట్టినట్టే మీ పంపుకు ఆవిరి పట్టింది. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ ఆవిరి బయటి నుంచి రాలేదు, ద్రవంలోంచే పుట్టింది.

ద్రవ ఆక్సిజన్ వాతావరణ పీడనంలో మైనస్ 183 డిగ్రీల వద్ద మరుగుతుంది. గేజీ 4 బార్లు చూపేటప్పుడు ఆ మరుగుస్థానం సుమారు మైనస్ 164కు పెరుగుతుంది. ద్రవం ఇంకా మైనస్ 180 దగ్గరే ఉంటే మీకు పదహారు డిగ్రీల వెసులుబాటు ఉన్నట్టు. అదే ద్రవం రోజుల తరబడి ట్యాంకులో నిలిచి తానూ మైనస్ 164కు చేరి ఉంటే, సక్షన్ లైనులో సోకే కాస్త వేడికో, ఫిల్టరు వద్ద తగ్గే కొద్దిపాటి పీడనానికో వెంటనే ఆవిరవుతుంది. రెండు సందర్భాల్లోనూ గేజీ చూపేది ఆ 4 బార్లే. కొత్తగా ట్యాంకరు వచ్చిన రోజున ఇబ్బంది తగ్గుతోందా, గమనించండి. తగ్గుతుంటే, బయట సురక్షితమైన చోటికి ఆవిరిని మెల్లగా వదిలి ట్యాంకు పీడనం దించండి. అప్పుడు ద్రవం కొంత మరిగి తనంతట తానే చల్లబడుతుంది. పంపు నడిపే ముందు పీడనం పెంచే కాయిల్‌తో మళ్లీ పీడనం ఎక్కించుకోండి.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూనే రిటర్న్ లైను సంగతి చెప్పాలి. పంపు నుంచి ట్యాంకు పైభాగానికి వెళ్లే ఆ గొట్టం ఎక్కడా కుంగకుండా పైకే వాలి ఉండాలి. మధ్యలో వంపు ఉంటే అక్కడ ద్రవం నిలిచి, ఆవిరికి దారి మూసుకుపోతుంది. సక్షన్ ఫిల్టరు జాలీని కూడా శుభ్రం చేయండి, అయితే నూనె చేయి తగలనివ్వకండి.

ఇంకొకటి, ఇది ప్రాణాలకు సంబంధించినది. పంపు చల్లటి భాగానికీ, నూనె ఉండే క్రాంక్‌కేసుకూ నడుమ ఉండే డిస్టెన్స్ పీసు మీద మంచు పేరుకుంటోందా? పేరుకుంటే పిస్టన్ రాడ్ చుట్టూ ఉండే సీలు కారుతున్నట్టే. ఆక్సిజన్ క్రాంక్‌కేసు నూనెను చేరితే పేలుడుకు దారితీస్తుంది.

మూడో జవాబు

రింగుల విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఈ చల్లదనానికి స్టెయిన్‌లెస్ స్టీలు మీటరుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, టెఫ్లాన్ అంతకు ఎన్నో రెట్లు. అందుచేత పంపు పూర్తిగా చల్లబడకముందే నడిపితే, లోపల ద్రవం లేక రింగులు పొడిగా రాపిడికి గురై అరిగిపోతాయి.

చల్లదనంలో సందుల కొలతలు ఎంత కీలకమో మన శ్రీహరికోటలోనే తెలిసివచ్చింది. 2010 ఏప్రిల్ 15న జీఎస్ఎల్‌వీ-డీ3 రాకెట్‌లో స్వదేశీ క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) దశ విఫలమవడానికి కారణం, ద్రవ హైడ్రోజన్‌ను అందించే బూస్టర్ టర్బోపంపు ఆగిపోవడమే. బేరింగులు, కేసింగు అంతటి చలికి ఎలా కుంచించుకుపోతాయో లెక్కలోకి తీసుకొని ఆ పంపును మార్చాక, 2014 జనవరి 5న డీ5 విజయవంతమైంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రిటర్న్ లైను ఆధారం ఒకటి ఊడి, గొట్టం జానెడు మేర కుంగి ఉంది. దాన్ని సరిచేసి, ట్యాంకు పీడనాన్ని దించి ఎక్కించాక నిన్న మధ్యాహ్నమంతా ముల్లు కదలలేదు. అయితే పని ముగిశాక చూస్తే డిస్టెన్స్ పీసు అడుగున పలుచగా మంచు కనిపించింది. సీలు మార్చేదాకా పంపును ఆపివేశాం.